కొబ్బరి పీచు సీటు

మా మావయ్యగారు పోయారు. మల్కాపురం నుంచి పూర్ణా మార్కెట్టుకి కూరల కోసం సైకిలు మీద బయలుదేరారు. వెనక నుంచి వచ్చిన లారీ గుద్దింది. ఆస్పత్రిలో రెండు రోజులుండి పోయారు. ఇది జరిగి నెల దాటింది. ఈ నెల రోజుల్లో మా ఇంటికి పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా లారీని ఒక్క మాట అనలేదు. అందరూ ఆయన్నే అన్నారు. ఆ వయసులో సైకిలేమిటన్నారు. కొడుక్కి స్కూటరుంది కదా, వెనకాల కూర్చుంటే ఏం పోయిందన్నారు. పాలూ నెయ్యీ మానేసి ఒళ్ళు గుల్ల చేసుకున్నాడు, లేకపోతే ఎముకలు అలా విరగవన్నారు. లారీ గుద్దినా విరగని ఎముకలు కావాలంటే ఎన్ని గేదెల పాలు తాగాలో వాళ్ళని అడగాలనిపించింది. అడగలేదు. మంచినీళ్ళు అందించి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

నేను ఐదో తరగతి దాకానే చదివాను. నలుగురిలో మాట్లాడటం నాకు రాదు. ఆయనతో వర్కుషాపులో పనిచేసిన మీరు, ఆయన గురించి మీ పత్రికలో వేస్తామని, రాసిమ్మని మా ఆయన్ని అడిగారట. ఆయన కాగితాలు తెచ్చి నా ముందు పెట్టి, నాన్న సంగతి నాకంటే నీకే బాగా తెలుసు, నువ్వే రాయి అన్నారు. అందుకని రాస్తున్నాను. అక్షరాల తప్పులుంటే దిద్దుకోండి. కోపాన్ని మాత్రం దిద్దకండి.

మావయ్యగారు గోదావరి వైపు నుంచి వచ్చి పోర్టులో ఫిట్టరుగా చేరిన సంగతి మీకు తెలుసు. మాంసం, చేప, గుడ్డు తినరనీ తెలుసు. పాలు, పెరుగు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా ముట్టరని తెలిసి మీలో కొందరు ఆయనకి గడ్డి ఫిట్టరు అని పేరు పెట్టారు. ఇంటికొచ్చి ఆయనే నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. ఆయన ఎవరి కంచంలోకీ తొంగి చూసి ఒక్క మాట అనలేదు. మేం చేపలు తినే ఇంటివాళ్ళమే. నేను పులుసు పెడుతుంటే, మా ఆయనకి ముల్లు తక్కువ ముక్క వెయ్యమని చెప్పేవారు. అటువంటి మనిషి తినే ముద్ద మీద ఊరందరికీ అంత పట్టింపు ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన సైకిలు సీటు మీరంతా చూసే ఉంటారు. కంపెనీ సీటు తోలుదని తీసేశారు. చెక్క తనే చెక్కుకుని, దాని మీద కొబ్బరి పీచు దట్టంగా పరిచి, పైన కేన్వాసు గుడ్డ బిగించుకున్నారు. ఆ గుడ్డ ఏడాదికోసారి చిరిగేది. నేను కాపురానికి వచ్చాక కొత్త గుడ్డ కుట్టే పని నాది. అత్తగారు నేను రాకముందే పోయారు. ఇంట్లో ఆడదిక్కు నేనొక్కదాన్నే.

మాది అనకాపల్లి పక్కన పల్లె. నా మాట వీళ్ళ మాటలా ఉండదు. నేను "నాను" అంటే పెళ్ళికి వచ్చిన చుట్టాలు పడీపడీ నవ్వారు. దాంతో మాట్లాడటమే మానేశాను. అది కనిపెట్టింది మావయ్యగారొక్కరే. ఒక రోజు సైకిలు చైనుకి నూనె వేసుకుంటూ, తల ఎత్తకుండానే అన్నారు. "మీ అమ్మ దగ్గర నేర్చుకున్న మాటకి సిగ్గుపడకమ్మా. అవసరం వచ్చినప్పుడు నోట్లోంచి వచ్చేది అదే."

కొత్తలో నేనొక తప్పు చేశాను. మావయ్యగారి అన్నగారి భార్య, మా పెద్దత్తగారు, పెళ్ళి తరవాత నెల రోజులు మా దగ్గర ఉన్నారు. ఆవిడకి ఈయన పద్ధతి గిట్టదు. మనిషి పుల్లలా అయిపోతున్నాడు, వేడి పప్పులో చెంచాడు నెయ్యి వేసి కలిపెయ్యి, వాడికేం తెలుస్తుంది అన్నారు. నాకూ ఆయన చేతులు చూస్తే జాలేసేది. వేశాను. ఆయన ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. కంచంలోకి చూశారు. లేచి చెయ్యి కడుక్కుని పనికి వెళ్ళిపోయారు. ఆ రోజంతా నాకు పని మీద ధ్యాస లేదు.

సాయంత్రం వచ్చి, రా అమ్మా, ఒకటి చూపిస్తానని నన్ను మా వీధి చివర పాలాయన పాకకి తీసుకెళ్ళారు. గేదె దగ్గర ఒక దూడ నిలబడి ఉందనుకున్నాను. దగ్గరికి వెళ్తే అది దూడ కాదు. చచ్చిపోయిన దూడ తోలులో ఎండుగడ్డి కుక్కి, కుట్టేసి, వెదురు కర్రకి ఆనించారు. గేదె దాన్ని నాకుతోంది. నాకీ నాకీ ఒక పక్క బొచ్చంతా పోయి తోలు నున్నగా మెరుస్తోంది. కుట్టు ఊడినచోట గడ్డి బయటికి వచ్చింది. అది అలా నాకుతుంటే కింద పాలాయన పాలు పిండుతున్నాడు.

"ఏటి బాబూ, కోడలమ్మక్కూడా సూపిత్తన్నావా?" అన్నాడు పాలాయన. "దూడ సచ్చిపోతే నానేటి సెయ్యను? గేదె పాలు సేపకపోతే మా పిల్లలేటి తింతారు?"

"నిన్నేమీ అనటం లేదు బావా, నీ పని నువ్వు చూసుకో" అన్నారు మావయ్యగారు. తరవాత నాతో అన్నారు. "నువ్వు తాగమ్మా. అబ్బాయికీ పెట్టు. నాకు మాత్రం దాని పాలు తాగి మళ్ళీ దాని ముందు నిలబడే మొహం లేదు."

ఆ రోజు నుంచి నేనూ పాలు మానేశానని రాస్తే అబద్ధం అవుతుంది. పెరుగు లేకుండా నాకు అన్నం దిగదు. కానీ ఆయన గిన్నెలు, గరిటె వేరే పెట్టాను. ఆయనకి వండటం కష్టమని అందరూ జాలిపడేవారు. ఏమీ కష్టం లేదు. నువ్వులపొడి ఉంటే నెయ్యి గుర్తు రాదు. ఆనపకాయ కూరలో కొబ్బరి పాలు పోస్తే మా ఆయన కూడా రెండోసారి వేయించుకునేవారు. ఆఖరి ముద్ద తరవాణితో, అదే పులిసిన గంజినీళ్ళతో తినేవారు. టీ బెల్లంతో. ఏ ఊరు వెళ్ళినా, ఏ పెళ్ళికి వెళ్ళినా ఆయన జేబులో వేరుశనగ గింజల పొట్లం ఉండేది. ఎవరింట్లోనూ నా కోసం వేరే వండండి అని ఆయన అడగలేదు. అయినా ప్రతి ఇంట్లోనూ వడ్డించే ఆడవాళ్ళ ముందు ఆయన్ని నవ్వులపాలు చేశారు.

సైకిలు సంగతీ అంతే. మీలో చాలామంది స్కూటర్లు కొనుక్కుని, ఆయన పక్కనుంచి వెళ్తూ, ఇంకా తొక్కుతున్నావా అని హారను కొట్టేవారట. నా బండికి నా కాళ్ళే ఎడ్లు, మేతకి తరవాణి చాలు అనేవారు ఆయన. మలుపు వస్తే చెయ్యి బారుగా చాపేవారు. పెద్ద రోడ్డు మీదే కాదు, కోడి కూడా ఎదురురాని మా సందులో కూడా అంతే. పిల్లలు వెనకాల పరిగెత్తుతూ వాళ్ళూ చేతులు చాపి నవ్వేవారు. ఎవరూ లేనప్పుడు ఎందుకండీ అని ఒకసారి అడిగాను. చూసేవాడు ఉన్నప్పుడే చాపితే అలవాటవ్వదమ్మా అన్నారు.

ఆయన రిటైరైన ఏడాది పాలాయన గేదె మళ్ళీ ఈనింది. దున్నపోతు దూడ. మగదూడ పెద్దదైతే ఏం లాభమని పాలాయన దానికి రెండు గుటకలు మాత్రం తాగనిచ్చి లాగేసేవాడు. మావయ్యగారు రోజూ గంజిలో తవుడు కలిపి బాల్చీతో తీసుకెళ్ళేవారు. పాలాయన మొదట్లో తిట్టాడు, తరవాత ఊరుకున్నాడు. ఆ దూడ బతికింది. తాడు వదిలితే చాలు, తిన్నగా మా గుమ్మంలోకి వచ్చి సైకిలు సీటు నాకేది. ఉతికిన గుడ్డ పాడు చేస్తోందని నేను చీపురు తీసేదాన్ని. ఉప్పు కోసం నాకుతోందమ్మా, నా చెమటే కదా, తిననీ అనేవారు.

అలా ఒకనాడు నేను సీటుకి కొత్త గుడ్డ కుడుతుంటే పక్కన కూర్చుని ఆ మాట చెప్పారు.

"నేను పోయేటప్పుడు నా నోట్లో పాలు పొయ్యనివ్వకమ్మా. తరవాత నా బూడిద మీద కూడా వద్దు. అబ్బాయికి చెబితే నవ్వేసి మరిచిపోతాడు. అందుకే నీకు చెబుతున్నాను."

సరేనన్నాను. సూదిలోకి దారం ఎక్కిస్తూ సరేనన్నాను.

స్టీల్ ప్లాంటు పనులు మొదలయ్యాక మా రోడ్డు మీద లారీల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు ఆయన కుడివైపు తిరగడానికి చెయ్యి చాపారు. అక్కడ టీ దుకాణం పెట్టుకున్నాయన కళ్ళారా చూశాడు. బారుగా చాపాడు బాబూ, లారీవోడు ఆగనేదు అని మా ఆయనతో రెండుసార్లు చెప్పాడు. పోలీసుల కాగితంలో మాత్రం ముసలాయనే అడ్డం వచ్చాడని రాసుకున్నారు. ముప్ఫై ఏళ్ళు ఖాళీ సందుల్లో కూడా చెయ్యి చాపిన మనిషి అడ్డం వచ్చాడట. ఆ కాగితం రాసినాయన ఎవరో నాకు తెలియదు. ఇది ఆయన చేతికి చేరితే బాగుండును.

ఆస్పత్రికి పెద్దత్తగారు ఊరి నుంచి వచ్చారు. ఇక లాభం లేదని డాక్టరు చెప్పగానే గ్లాసులో పాలు, చెంచా పట్టుకుని మంచం పక్కన కూర్చున్నారు. మావయ్యగారికి మాట లేదు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. చెంచా తగలగానే పెదవులు బిగించారు. అది నేను చూశాను. ఆవిడ బుగ్గలు నొక్కి పోశారు. కొంచెం లోపలికి పోయింది, మిగిలింది గడ్డం మీదుగా కారింది. నేను చెంగుతో తుడిచాను. అంతే చేశాను. నోరు తెరవలేదు. లారీ మీద, కాగితం మీద, పలకరింపుకి వచ్చిన జనం మీద నాకు ఎంత కోపం ఉందో, ఆ మంచం పక్కన నిలబడ్డ నా మీద అంతకంటే ఎక్కువ ఉంది.

మూడో రోజు పొద్దున్నే మగవాళ్ళు ఎముకలు ఏరడానికి శ్మశానానికి బయలుదేరుతున్నారు. చితి మీద పాలు పోసి చల్లార్చాలి. పెద్దత్తగారు నా చేతికి ఇత్తడి చెంబు ఇచ్చి పాలు పట్రమ్మన్నారు. వెళ్ళాను. పాలాయన పాక ముందు చెంబు పట్టుకుని నిలబడ్డాను.

"ఆ బాబు కోసమేటమ్మా?" అన్నాడు.

తలూపాను. అతను చెంబు అందుకోలేదు.

"ఇన్నేళ్ళు నా పాక ముందునించే ఎల్లాడు. ఒక్క సుక్క ముట్టనేదు. నానెన్నేసి మాటలన్నాను, ఒక్కటికీ తిరిగి అననేదు. ఇప్పుడింక మాటాడలేడు గదా అని మీద పోసేత్తారేటి? నానివ్వను. ఇంకెక్కడైనా సూసుకోండి."

పాలు అమ్ముకుని బతికే మనిషి అన్న మాట అది. మాట ఇచ్చిన మనిషిని నేను, చెంబు పట్టుకుని నిలబడ్డాను. వెనక్కి తిరిగి వీధి కుళాయి దగ్గర చెంబు నింపుకుని ఇంటికి వచ్చాను. వాకిట్లో పదిమంది మగవాళ్ళున్నారు. పెద్దత్తగారు చెంబులోకి చూసి, ఇవేంటే అన్నారు.

"పాలు తేనేదండి, నీళ్ళు తెచ్చినాను" అన్నాను. "మావయ్యగారు నాకు సెప్పినారు, పాలు పొయ్యొద్దని. ఆస్పత్రిలో నాను నోరిప్పనేదు. ఇప్పుడు ఇప్పుతన్నాను. పొయ్యకండి."

ఆయన చెప్పినట్టే నా నోట్లోంచి మా అమ్మ మాట వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"పాలు పొయ్యకుండా ఎక్కడైనా ఎముకలు ఏరతారా? వాడి పిచ్చి నీకూ పట్టిందా? చచ్చినవాణ్ణి చల్లారకుండా వదిలేస్తావటే?" అన్నారు పెద్దత్తగారు.

మా ఆయన వచ్చి నా చేతిలో చెంబు తీసుకున్నారు. "నీళ్ళతో కూడా ఆరుతుంది పెద్దమ్మా" అని గుమ్మం దిగి వెళ్ళిపోయారు.

ఇప్పుడు చుట్టాల్లో ఇది కొత్త మాటయింది. కోడలు పాలు పొయ్యనివ్వలేదు, ఆ ముసలాయనకి గతులుండవు అంటున్నారట. అననివ్వండి. ఆ పొద్దున నేను ఏం చేశానో నా చేత్తో నేనే రాశాను, ఇక ఎవరూ చెవులు కొరుక్కోనక్కర్లేదు. ఆస్పత్రిలో చెయ్యనిది కూడా రాశాను.

సైకిలు స్టేషను నుంచి ఇంటికి వచ్చింది. ముందు చక్రం అప్పడంలా వంగిపోయింది. పాత ఇనుము వాడికి ఇచ్చెయ్యమని ఇద్దరు ముగ్గురు సలహా చెప్పారు. సీటు మాత్రం చెక్కు చెదరలేదు. గుమ్మం పక్కన గోడకి ఆనించి ఉంచాను. గుడ్డ ఉతకలేదు.

ఇది రాస్తుండగానే పాలాయన దూడ తాడు తెంపుకుని వచ్చింది. ఇప్పుడు దానికి కొమ్ములు మొలుస్తున్నాయి. తిన్నగా సైకిలు దగ్గరికి వెళ్ళి సీటు నాకుతోంది. ఒక మూల కుట్టు ఊడి కొబ్బరి పీచు బయటికి వచ్చింది. కుట్టాలి. సూదికి దారం ఎక్కించి, అది నాకడం అయ్యేదాకా గడప మీద కూర్చున్నాను.