వేపచెట్టు బయటి సగం

మా ఇంటి వేపచెట్టు సగం మాది, సగం సందుది. తాత ప్రహరీ కట్టించినప్పుడు చెట్టును కొట్టడానికి మనసొప్పక, గోడను రెండు వైపుల నుంచి తెచ్చి మొద్దుకు ఆనించి ఆపేశాడట. అందుకని మొద్దు సగం మా పెరట్లోకి, సగం బయటి సందులోకి ఉబికి ఉండేది. లోపలి సగానికి అమ్మ మేకులు కొట్టించి బట్టలారేసే తీగ కట్టుకుంది. బయటి సగానికి వరంగల్ మార్కెట్‌కు వచ్చిన మగవాళ్లందరూ ఉచ్చ పోసేవాళ్లు.

ఈ మాట ఇంత మొరటుగా రాయకుండా ఉండొచ్చు. కానీ మా ఇంటి పరువు పోయింది ఆ ఉచ్చ దగ్గరే. దాన్ని నాజూగ్గా చెప్పి ఇప్పుడు కొత్తగా దక్కించుకునేదేమీ లేదు.

డెబ్బైల నాటి సంగతి. మాది బెల్లం, పప్పుల దుకాణం. ఇల్లు మార్కెట్ వెనక సందులో. బండ్లు తోలుకొచ్చినవాళ్లు, హమాలీలు, కేసముద్రం నుంచి బేరానికి వచ్చినవాళ్లు, ఎవరికి అవసరం పడినా మా చెట్టే. వంటింటి కిటికీ అటువైపే. ఎండాకాలంలో అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పోపు వేసేది. బాపు అరిచాడు, గోడ మీద రాయించాడు, ముళ్లకంప వేయించాడు. కంప పక్కన నిలబడి పోసేవాళ్లు.

ఒకరోజు పొద్దున్నే బాపు స్నానం చేసి, గిన్నెలో పసుపు కలుపుకుని పోయి, చెట్టు బయటి సగానికి నడుమెత్తు దాకా పూశాడు. కుంకుమ బొట్లు పెట్టాడు. మా దొడ్లో పడి ఉన్న ఒక రాయిని తీసుకుపోయి చెట్టు మొదట్లో నిలబెట్టి దానికీ బొట్టు పెట్టాడు. ఆ రోజుతో బెడద పోయింది. అంతకుముందు బాపుతో తగవుకు వచ్చినవాళ్లు కూడా చెప్పులు విడిచి దండం పెట్టుకుని పోవడం మొదలుపెట్టారు.

బాపు పొంగిపోయాడు. అన్నం తినేటప్పుడు చెట్టు ముందు ఎవరెలా బిత్తరపోయారో నటించి చూపించేవాడు. మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం. ఇంట్లో ఆ చెట్టుకు 'వాచ్‌మన్' అని పేరు. "వాచ్‌మన్ డ్రెస్ మాసింది, జర పసుపు కలుపు" అని బాపు అంటే, అమ్మ లెంపలు వేసుకుంటూనే నవ్వేది.

మొదట దీపం పెట్టింది మా పక్కింటామె. ఆమె భర్త మార్కెట్లో హమాలీ. వాళ్ల గూనపెంకుల ఇల్లు మా గోడకు ఆనుకునే ఉండేది. మా చెట్టు నీడ సగం వాళ్లదే, రాలిన ఆకు కూడా సగం వాళ్లే ఊడ్చుకునేవాళ్లు. మాకు జ్వరాలొస్తే కషాయం కాచింది ఆమె, నాకు నడక వచ్చింది ఆమె వాకిట్లో. అమ్మను అక్కా అనేది, బాపును అన్నా అనేది.

"పోచమ్మ మన సందుల్నే వెలిసిందక్కా. ఇగ మనకేం ఫికర్ లేదు" అన్నది ఆమె. అమ్మ ఏం చెబుతుంది? కిటికీ మూసేసింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. శుక్రవారాలు దీపాలు, ఆదివారాలు కోళ్లు. గుడ్డు కూడా ముట్టని మా ఇంటి గోడ పక్కన కోడి ఈకలు ఎగిరేవి. బాపుకు అది కూడా నవ్వులాటగానే ఉండేది.

పక్కింటామె కూతుర్ని డోర్నకల్‌లో ఇచ్చారు. అల్లుడు రైల్వేలో పని. ఆ పిల్లకు కడుపు నిలవక నిలవక, అది పోయినప్పుడల్లా మనిషి సగమై పుట్టింటికి వచ్చేది. దవాఖానలన్నీ తిరిగాక తల్లి మా చెట్టుకు మొక్కింది. బిడ్డ పుడితే అమ్మకు బోనం ఎత్తుతానని. కూతుర్ని తడిబట్టలతో ఆ సందులో పొర్లుదండాలు పెట్టించింది. ఆ నేల మీద. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. గేటు దగ్గర నిలబడి చూశాను. ఆ పిల్ల చెంపకు అంటిన మట్టి చూసి గేటు మూసుకుని లోపలికి వచ్చేశాను. ఆ పూట అన్నాల దగ్గర బాపు వాచ్‌మన్ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ పిల్లకు నెల తప్పింది. ఈసారి నిలిచింది. ఎండాకాలానికి కాన్పు కోసం పుట్టింటికి వచ్చింది.

చెట్టు అప్పటికే ముసలిదైపోయింది. మొద్దు లోపల చెదలు, పైన ఎండు కొమ్మలు. కొట్టించాలని బాపు అనుకుంటూనే ఉన్నాడు గానీ, పసుపు పూసిన చెట్టును ఎవరితో కొట్టిస్తాడు? అట్లా వాయిదా వేస్తుండగా రోహిణి ఎండల్లో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. వెనకే రాళ్లవాన. చెట్టు పంగ దగ్గర నిలువునా చీలింది. ఒక సగం మా పెరట్లో కూలి స్నానాల గదిని నేలమట్టం చేసింది. రెండో సగం విరగనూ లేదు, నిలవనూ లేదు. పక్కింటి పెంకుల మీదికి ఒరిగి, ఇంత బెరడు పట్టుకుని వేలాడింది. ఆ పెంకుల కింది గదిలోనే నిండు చూలాలు.

బాపు కట్టెల అడితికి పరుగెత్తాడు. గొడ్డళ్లు, మోకులు పట్టుకుని మనుషులు వచ్చారు. పసుపు చూశారు, చెప్పులు విడిచారు, దండం పెట్టుకుని తిరిగిపోయారు. ఎక్కువ కూలి ఇస్తామన్నా ఆగలేదు. హసన్‌పర్తి నుంచి ఇంకో మనిషిని పిలిపిస్తే, అతనూ రాయి ముందు నిలబడి తల అడ్డంగా ఊపాడు. "పిల్లలు గలోన్ని సేటు. నాతోని కాదు."

పోనీ వాళ్లనన్నా ఆ గదిలోంచి కదిలిద్దామని అమ్మ పోయింది. మా ఇంట్లో పడుకోండి, చెట్టు సంగతి తేలేదాకా ఉండండి అని బతిమాలింది. ఆమె కదలలేదు.

"ఇన్నొద్దులు కాపాడిన అమ్మ ఇప్పుడు నా బిడ్డ మీద పడుతదా అక్కా? జూడు, ఎట్ల పట్టుకొని నిలవడ్డదో. నేను లేసి పోతె నమ్మనట్టే గద?"

అమ్మ తిరిగి వచ్చి బాపు ముందు నిలబడింది. "పోయి చెప్పుండ్రి."

"ఏమని చెప్పాలె? పోచమ్మ లేదు, ఉచ్చలదొడ్డి ఉన్నదని చెప్పాలెనా? రేపు బజార్ల నా ముఖం ఎవడు జూస్తడు?"

"ఆ పిల్ల మీద పడ్డంక చూపిస్తరా ముఖం?"

బాపు చొక్కా తొడుక్కుని దుకాణానికి పోయాడు. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. కోపం కింద అంతకు మించిన సిగ్గు. గాలి కొంచెం వీచినా ఆ కొమ్మ కిర్రుమనేది. పెంకు ఒకటి జారి వాకిట్లో పగిలేది. ఆమె ఆ పెంకును తీసి పక్కన పెట్టి, వచ్చి దీపం వెలిగించేది. ఆ దీపం వెలిగినప్పుడల్లా మేము తలలు దించుకునేవాళ్లం.

రెండు మూడు రోజులకు మళ్లీ మబ్బు పట్టింది. మధ్యాహ్నమే చీకటి. దుమ్ము లేస్తుండగా బాపు దుకాణం వదిలేసి వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. సందులో, నలుగురు చూస్తుండగా, నేరుగా పక్కింటి గడప ముందుకు పోయి నిలబడ్డాడు. అమ్మా నేనూ వెనకే పరుగెత్తాం.

"చెల్లె, అండ్ల అమ్మ లేదు."

"ఏందన్నా?"

"నేను పూసిన పసుపు అది. మొగోళ్లు గోడకు ఉచ్చ పోస్తాన్రని పూసిన. ఆ రాయి మా దొడ్లెది. ఒట్టి చెట్టు చెల్లె. నీ కాళ్లు మొక్కుత, బిడ్డను తీస్కొని బయటికి రా."

ఆమె బాపు వైపు చూడనే లేదు. వెనక ఉన్న అమ్మను చూసింది.

"నీకెరుకేనా అక్కా?"

అమ్మ చూపు రాయి మీదికి పోయింది.

"నా బిడ్డను గీ నేల మీద పొర్లిచ్చిన్నాడు గూడ ఎరుకేనా?"

అమ్మ తల ఊపింది. భూమి చీలితే దూరిపోదును అనే మాట నేను చాలాసార్లు విన్నాను, వాడాను. దాని అర్థం ఆ నిమిషంలో తెలిసింది.

ఆమె లోపలికి పోయి కూతురి జబ్బ పట్టుకుని లేపుకొచ్చింది. అమ్మ మా ఇంట్లో పరుపు పరిచి పెట్టింది. పక్కింటామె మాత్రం కూతుర్ని ఎదురింట్లోకి తీసుకుపోయింది. తర్వాత బకెట్టుతో నీళ్లు, కొబ్బరిపీచు పట్టుకుని చెట్టు దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్ల పసుపు పొరలు కట్టి గట్టిపడింది. గాలిలో చీర ఎగిరిపోతుండగా, పైన ఆ కొమ్మ ఊగుతుండగా, కింద కూర్చుని రుద్ది రుద్ది కడిగింది. రాయిని తీసి ఒళ్లో పెట్టుకుని, గొడ్డలి మనిషిని పిలవమని భర్తకు చెప్పింది.

హసన్‌పర్తి మనిషే వచ్చి మోకు కట్టి కొమ్మ దించాడు, మొద్దునూ మొదలంటా కొట్టేశాడు. దించింది వాన వెలిశాకే. ఆ వానకు గది పెంకులు సగం పోయాయి గానీ గదిలో ఎవరూ లేరు. ఆ పిల్లకు ఎదురింట్లోనే సుఖంగా కాన్పయింది, ఆడపిల్ల. పెంకులు మేమే వేయించాం. వాళ్లు వద్దనలేదు, మంచిదని కూడా అనలేదు.

మొక్కు మాత్రం మొక్కే కదా. ఆషాఢంలో ఆమె బోనం ఎత్తింది. చెట్టు లేదు కాబట్టి ఊరవతల పోచమ్మ గుడికి. డప్పులతో సందంతా కదిలింది. బోనమెత్తుకున్న మనిషి ఇంటి ముందుకు వస్తే, గడపలోంచి దిగి ఆమె కాళ్ల మీద నీళ్లు పోసి మొక్కడం మా దగ్గర పద్ధతి. ప్రతి ఇంటి ముందూ ఆమె ఆగింది, ప్రతి ఇంటి ఆడవాళ్లూ నీళ్లు పోశారు. అమ్మ పొద్దున్నే తలంటుకుని, చెంబు నిండా నీళ్లు పట్టుకుని గడప కింద నిలబడింది. పక్కన నేను. బాపు లోపలి గదిలో.

మా గోడ దగ్గరికి వచ్చేసరికి ఆమె సందుకు అవతలి అంచుకు జరిగింది. వెనక పసిదాన్ని ఎత్తుకున్న కూతురు కూడా జరిగింది. ఇద్దరూ తల తిప్పకుండా నడిచిపోయారు. డప్పు మోత దూరమయ్యాక బాపు లోపలి నుంచి, "పోసినవా నీళ్లు?" అని అడిగాడు.

అమ్మ నిండు చెంబు పట్టుకుని అట్లాగే నిలబడి ఉంది.