వెనకసీటు లేని కారు

1961లో, కోతలకు కాస్త ముందు, నా హోదా మారింది. అప్పటిదాకా నెల్లూరులో ఒక రైసుమిల్లు రెడ్డిగారింట్లో పెద్దకారు డ్రైవర్ని. ఆ నెల నుంచి చిన్నకారు డ్రైవర్నయినాను. జీతం అదే, ఖాకీ చొక్కా అదే, కారొక్కటే వేరు. మా వృత్తిలో మెట్లు మూడు. కారు తుడిచేవాడు క్లీనరు. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎదుట బండిని ఎనిమిది అంకెలా తిప్పి చూపించి లైసెన్సు తెచ్చుకున్నవాడు డ్రైవరు. ఏ చప్పుడు ఏ భాగం నుంచి వస్తుందో చెవితో పట్టేవాడు డ్రైవరు కమ్ మెకానిక్కు. నేను మూడో మెట్టు. లెక్కల అయ్యవారికీ నాకూ పొసగక ఐదో తరగతిలోనే బడి మానేసినా, ఈ మెట్టు మాత్రం ఎవరి సిఫారసూ లేకుండా ఎక్కినాను. అయితే తన కారు ముందు పోతుంటే తాను వెనకాల బస్సులో పోయే డ్రైవరుది ఏ మెట్టో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సంగతే ఇది.

మిల్లు చూసుకునే కొడుకు చినరెడ్డిగారు మద్రాసు పోయి, పెద్దకారు ఇచ్చేసి, బదులుగా ఒక ఎర్రకారు తెచ్చినాడు. టీ కంపెనీ దొర ఒకాయన దేశం వదిలిపోతూ వదిలించుకున్న బండి. రెండే సీట్లు, గుడ్డ టాపు, బారెడు మూతి. డిక్కీలో స్టెప్నీ పెట్టినాక తాంబూలం పళ్లేనికి కూడా చోటుండదు. ఆ కారును ఎక్కడమనేది లేదు. బావిలోకి దిగినట్టు దాంట్లోకి దిగాలి. దిగి కూర్చుంటే ఎదురొచ్చే ఎద్దుల మోకాళ్లు మన కళ్లకు సమంగా ఉంటాయి.

న్యాయంగా చెప్పాలంటే, మంచి తారురోడ్డు మీద దానికి సాటి లేదు. స్టీరింగు మనసులో అనుకుంటే తిరుగుతుంది. మలుపులో ఒరగదు. గేరు మార్చడానికి మణికట్టు కదిపితే చాలు. కాని ముత్తుకూరు వైపు పోయే రోడ్డుకు ఈ గొప్పలేవీ ఎవరూ చెప్పలేదు. ఎద్దులబండ్లు తిరిగీ తిరిగీ రెండు పక్కలా చక్రాల గాళ్లు పడి, నడిమధ్య గట్టు లేచి ఉండేది. పెద్దకారు ఆ గట్టును పొట్టకింద పెట్టుకుని పోయేది. ఎర్రకారు పొట్టకూ నేలకూ మధ్య జానెడు ఎడం కూడా లేదు. పొట్టకింద ఉండేది చాంబరు, అంటే ఇంజను నూనె నిలవుండే తొట్టి. గట్టు తగిలి అది పగిలితే ఇంజను పట్టేస్తుంది, ఆ తరువాత కారును ఇంటికి చేర్చేది ఎద్దులే. పైగా దానికి కార్బురేటర్లు రెండు. రెండూ ఒక్క తీరుగా గాలి పీల్చాలి, లేకుంటే ఇంజను కుంటుతుంది. రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని వాటి ఊపిరి వింటూ సగం పొద్దు గడిపేవాణ్ణి. ఆసుపత్రిలో డాక్టరు కూడా రోగిని అంతసేపు వినడు.

ఇవన్నీ భరించినాను. భరించలేనిది ఆ కారుకు లేని వెనకసీటు. ఆ ఇంట్లో ఆడవాళ్లు కారెక్కితే వెనకే కూర్చోవాలి. డ్రైవరు పక్కన కూర్చోకూడదు. ఆ కట్టుబాటుకు చినరెడ్డిగారి తల్లి పెద్దమ్మగారే హైకోర్టు. కారు కొన్నప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తుకొచ్చింది కోతలప్పుడు.

చినరెడ్డిగారి భార్య సుశీలమ్మగారికి పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద ఇచ్చిన రెండు కయ్యలు ముత్తుకూరు దారిలో ఉన్నాయి. ఎగువకయ్య, దిగువకయ్య. ఆ ఇంట్లో ఆమె నాదని చెప్పుకోగలిగింది ఆ మడిచెక్కలొక్కటే. కౌలుకు చేసేది చెంచయ్య. మొలగొలుకుల వడ్లు నూర్చి తూముతో కొలిచే పూట ఆమె కళ్లంలో నిలబడాలి. చెంచయ్య దొంగ అని నేననను. ఆయన తూము మాత్రం ఎదురుగా ఉన్న మనిషిని బట్టి నిండేది. ఏటా నేను పెద్దకారులో ఆమెను వెనక కూర్చోబెట్టి తీసుకుపోయేవాణ్ణి.

ఆ ఏడు ఎగువకయ్య కొలతకు తానే తీసుకుపోతానన్నాడు చినరెడ్డిగారు. మొగుడు తోలితే పెళ్లాం పక్కన కూర్చోవచ్చు, దానికి హైకోర్టు అభ్యంతరం లేదు. మరి నేనెక్కడ కూర్చోవాలని అడిగినాను. "నువ్వు రిపేరు సామాన్ల సంచి తీసుకుని బస్సులో రా" అన్నాడు.

బస్సు కండక్టరు నన్ను ఎరుగును. టిక్కెట్టు చించుతూ, "ఏంది మస్తానన్నా, కారు నీ మీద అలిగిందా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

సగం దారిలో మా కారు కనిపించింది. ఆ రోజుల్లో రైతులు ఉలవచెట్లు పీకి రోడ్డుకు అడ్డంగా పరిచేవాళ్లు. బస్సూ లారీ తొక్కిపోతే గింజ రాలుతుంది, కూలి కలిసొస్తుంది. పెద్దచక్రాల బండ్లకు ఇబ్బంది లేదు. మా కారు మాత్రం ఆ చెట్లన్నీ పొట్టకిందకు లాక్కుని, ఇరుసుకు చుట్టుకుని, సైలెన్సరు వేడికి పొగ లేపి నిలిచిపోయింది. తెల్లబట్టల్లో చినరెడ్డిగారు పొగ విసురుకుంటున్నాడు. సుశీలమ్మగారు గొడుగేసుకుని ముత్తుకూరు వైపే చూస్తోంది. నేను బస్సు దిగేసరికి ఉలవల తాలూకు రైతమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నాతో అన్నది: "తొక్కుద్దని పరిస్తే మేసేసింది గదయ్యా మీ కారు."

ఆమె దగ్గరే కొడవలి అడుక్కుని కిందకు దూరి, కోసి, పీకి, బయటికి లాగినాను. ఉలవలతోపాటు సైలెన్సరు కూడా ఊడి చేతికొచ్చింది. బస్సువాళ్లు చూసినంతసేపు చూసి రైట్ కొట్టుకుని పోయినారు. ఊడిన సైలెన్సరు ఒళ్లో పెట్టుకుని నేను డిక్కీ మూత మీద కూర్చున్నాను. మేము చేరేసరికి కళ్లం ఊడ్చి ఉంది, బస్తాల మూతులు కుట్టి ఉన్నాయి. "ఎండెక్కుతుందని కొలిచేసినామమ్మా" అన్నాడు చెంచయ్య, ఎంతో వినయంగా. సుశీలమ్మగారు బస్తాలను ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది.

ఇంటికొచ్చినాక చినరెడ్డిగారే అన్నాడు, చూసుకోలేని పొలం ఎందుకు, రెండు కయ్యలూ అమ్మేద్దామని. అమ్మాల్సింది ఏదో నాకు బాగా తెలుసు. నన్ను అడిగినవాడు లేడు.

మర్నాడు నేను కారు కింద ఉండగా సుశీలమ్మగారు వచ్చింది. "మస్తానూ, దీన్ని నేనే తోలితే?" అన్నది. దిగువకయ్య నూర్పుకు ఇంకా వ్యవధి ఉంది. నేను పడుకునే జవాబు చెప్పినాను: "నేర్చుకునేవాళ్ల పక్కన లైసెన్సు ఉన్నవాడు కూర్చోవాలమ్మా, అది సర్కారు రూలు. పక్కన కూర్చోకూడదు, అది పెద్దమ్మగారి రూలు. సర్కారునైతే బతిమాలుకోవచ్చు."

ఆమె నేరుగా హైకోర్టుకే పోయింది. పెద్దమ్మగారు వక్క కత్తిరిస్తూ అంతా విన్నారు. "తోలేవాడి పక్కన కూర్చోవద్దన్నాను గాని, తోలొద్దని నేనెప్పుడన్నా?" అన్నారు. "మా పుట్టింట్లో గూడుబండి నేనే తోలేదాన్ని. తోలేవాళ్లదే బండి. పక్కన ఉండేది మూట." తరువాత నావైపు తిరిగి, "మూట మాట్లాడకూడదు" అని తీర్పు ముగించారు.

లర్నర్ లైసెన్సు తెచ్చి, ముందొకటి వెనకొకటి ఎర్ర ఎల్ బోర్డు కట్టి, మిల్లు ఆవరణలో వడ్లు ఎండబోసే సిమెంటు కళ్లం మీద పాఠం మొదలుపెట్టినాను. నోరు మెదపకుండా డ్రైవింగు నేర్పడమంటే ఏమిటో నేర్పినవాడికే తెలుస్తుంది. మేడమీద పెద్దమ్మగారు కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. నేను కారు తలుపు మీద ఒకసారి కొడితే క్లచ్చి, రెండుసార్లు కొడితే బ్రేకు అని పెట్టుకున్నాం. ధాన్యపురాశి మీదికి పోతున్నప్పుడు నేను ఎన్నిసార్లు కొట్టినానో, సుశీలమ్మగారు దాన్ని ఏమని అర్థం చేసుకుందో, మూటకు అడిగే హక్కు లేదు. రాశిలోంచి కారును మిల్లు కూలీలు లాగినారు.

అయినా ఆమె చెయ్యి నెమ్మది. ఆ స్టీరింగుకు కావలసింది అదే. చినరెడ్డిగారు దాన్ని లాగేవాడు, ఆమె అడిగేది. గట్టు మీద ఒక పక్క చక్రాలూ, రోడ్డు అంచున ఇంకో పక్క చక్రాలూ పెడితే గాడి పొట్టకింద పోతుంది, చాంబరు బతుకుతుంది. ఈ కిటుకు నేను పలక మీద గీసి చూపించినాను. గీయకూడదని ఎవరూ అనలేదు.

దిగువకయ్య కొలతకు ఆమే తోలింది. అదే రైతమ్మ, అవే ఉలవలు. సుశీలమ్మగారు ముందుగానే బ్రేకు వేసింది. మూట దిగి ఉలవలన్నీ పక్కకు నెట్టింది. కారు దాటినాక వాటిని తిరిగి పరిచేదాకా రైతమ్మ మమ్మల్ని కదలనివ్వలేదు. "మీ కారుకు మేత మాన్పించినారా?" అని కూడా అడిగింది. ఈ ఆలస్యంతో ఎండ నెత్తికొచ్చింది. ఇంకేముంది, బస్తాలు కుట్టేసి ఉంటారనుకున్నాను.

కుట్టలేదు. మద్రాసు నుంచి సైలెన్సరు ఇంకా రాలేదు. అది లేని ఎర్రకారు గర్జన పొలాల మీదుగా మాకంటే ముందే కళ్లానికి చేరింది. చెంచయ్య ఖాళీ తూము పట్టుకుని రాశి ముందు నిలబడి ఉన్నాడు. "చప్పుడు వినపడగానే ఆపినానమ్మా. అయ్యగారేమో అనుకున్నా" అన్నాడు. "అయ్యగారు మిల్లులో ఉన్నాడు. కొలువు" అన్నది ఆమె. ఆ పూట ప్రతి తూమూ అంచుదాకా నిండింది. పొలం అమ్మే మాట ఆ ఇంట్లో ఇంకెప్పుడూ వినపడలేదు.

ఆమె లైసెన్సు తెచ్చుకున్నాక కారు ఆమెదే అయిపోయింది. చినరెడ్డిగారు మిల్లుకు రిక్షాలో పోయేవాడు. ఎన్నాళ్లో పోలేదు. ఎర్రకారు మద్రాసుకే తిరిగిపోయి, నాలుగు తలుపుల కారొకటి వచ్చింది. దాన్నీ ఆమే తోలింది. ఇక పక్కన మనిషి అక్కర్లేదు గదా, నేనెక్కడ కూర్చోవాలని అడిగినాను. పెద్దమ్మగారు మేడమీదనుంచే చెప్పారు: "మూట వెనక పెట్టండి." నా సర్వీసులో వెనకసీట్లో కూర్చోవడం అదే మొదలు.

ఇప్పటికీ కారు కొనేవాళ్లు వచ్చి ఇంజను బలం, స్టీరింగు తేలిక అడుగుతుంటారు. నేను తిరిగి రెండే అడుగుతాను. మీ దారిలో నడిమిగట్టు ఎంత ఎత్తు? మీ ఇంట్లో ఎవరెక్కడ కూర్చుంటారు? ఆ రెండూ అడక్కుండా ఫలానా కారు మంచిదని చెప్పేవాడు డ్రైవరు కాదు, అమ్మేవాడు.