నలభై నాలుగు ఓములు

సముద్రానికి హద్దు, పైరుకు కారు, మనిషికి ఊపిరి, అన్నీ కొలిచి ఇచ్చిన లక్ష్మీనరసింహస్వామికి ముందుగా నా నమస్కారం. ఆ తండ్రి దయ లేనిదే నా చేత ఏ పనీ జరగలేదు, ఈ నాలుగు మాటలు రాయడమూ జరగదు.

నిన్న మధ్యాహ్నం మా వర్క్‌షాపుకు ఒక పాత హీటరు వచ్చింది. రాడ్డు మీద పేరుకున్న ఉప్పును స్క్రూడ్రైవరుతో గీకుతుంటే కాలిన ఉప్పు, మాడిన రబ్బరు కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసనతో మునిరత్నం అన్న గుర్తుకొచ్చాడు. డిప్లొమా కాగితం తప్ప మరేమీ లేని నన్ను ఎలక్ట్రీషియన్ను చేసింది ఆయనే.

విడవలూరు అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న రొయ్యపిల్లల హ్యాచరీలో నా మొదటి ఉద్యోగం. సముద్రపు నీటిని తొట్లలో వెచ్చగా ఉంచి, కంటికి ఆనీ ఆనని పిల్లలను సాకి చెరువుల వాళ్లకు ఇస్తారు. నీళ్లు చల్లబడితే పిల్లలు మేత ముట్టవు, అడుక్కు దిగిపోతాయి. హీటర్లు చూసుకోవడం నా పని. నాకు పై మనిషి మునిరత్నం అన్న. తడ దగ్గరి ఊరు, మాటలో సగం అరవ యాస. నేను చిన్నప్పటి నుంచి పారాయణాల్లో, శనివారం భజనల్లో పెరిగినదాన్ని. చేరిన వారంలోనే ప్యానెల్ బోర్డుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాను. ఆయన వచ్చి దాన్ని కాసేపు చూశాడు.

"పాపా, ఈ నిమ్మకాయ ఎన్ని వోల్టులకు పని చేస్తాది?"

పక్కనున్న వాళ్లు నవ్వారు. ఆయన దాన్ని తీసెయ్యలేదు గానీ, వైరుకు ఆనకుండా పక్కకు జరిపి కట్టాడు.

హ్యాచరీలో ఒక వాడుక ఉండేది. డ్యూటీ మారేటప్పుడు ఒక్కో హీటరు దగ్గరికి పోయి, దాని ఎర్రదీపం వెలుగుతుంటే రిజిస్టరులో 'బాగుంది' అని రాయాలి. అందరూ అట్లాగే రాసేవారు. నేనూ రాశాను.

ఆ డిసెంబరులో ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ లేదు. ఆరో తొట్టిలో నీళ్లు రోజురోజుకూ చల్లబడుతున్నాయి. దీపం వెలుగుతూనే ఉంది కాబట్టి చలిగాలి వల్లేనని అందరూ అన్నారు. నేను తొట్టి పక్కన నిలబడి స్వామిని తలుచుకున్నాను, టార్పాలిన్ ఇంకొకటి కప్పించాను. మూడో రోజు పొద్దున పిల్లలు అడుగుకు దిగడం మొదలుపెట్టాయి. ఓనరు వచ్చి తొట్టి పక్కనే నిలబడ్డాడు. మునిరత్నం అన్న టాంగ్ టెస్టరు తెచ్చి నా చేతికిచ్చాడు. తీగను కొయ్యకుండా చుట్టూ పట్టిస్తే ఎంత కరెంటు పోతోందో అది చెబుతుంది.

"వోల్టు ఎంత?"

"రెండు వందల ఇరవై అన్నా."

"ఆంపియరు?"

"ఐదు."

"ఊరికే చదివితే ఎట్టా? లెక్క చెప్పు."

"వోల్టును ఆంపియరుతో భాగిస్తే రెసిస్టెన్సు. నలభై నాలుగు ఓములు. రెంటినీ గుణిస్తే పవరు. పదకొండు వందల వాట్లు."

"రేకు మీద ఎంత రాసుండాది?"

వంగి హీటరుకు బిగించిన రేకును చూశాను. రెండు వేల రెండు వందల వాట్లు. అంటే పది ఆంపియర్లు లాగాలి, రెసిస్టెన్సు ఇరవై రెండే ఉండాలి. లోపల పక్కపక్కన ఉన్న రెండు రాడ్లలో ఒకటి తెగిపోయింది. తొట్టికి సగం వేడే అందుతోంది.

"దీపం వెలిగిందంటే వోల్టేజి వచ్చిందని అర్థం. వేడి వచ్చిందని కాదు," అన్నాడు ఆయన, నాతో కాదు, అందరితో.

ఓనరు రిజిస్టరు తిప్పాడు. "నిన్న పొద్దున బాగుందని రాసుంది. రాత్రి తెగిందా?"

అవునంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. మునిరత్నం అన్న నా వైపు చూడకుండా కొత్త హీటరుకు వైరు బిగిస్తున్నాడు. భజనలో అంతమంది ముందు గొంతెత్తి స్వామిని సత్యస్వరూపుడని పాడినదాన్ని, ఇక్కడ ఒక్క మనిషి ముందు నిజం చెప్పడానికి వెనకాడాను.

"ఎప్పుడు తెగిందో తెలీదు సార్. నేను కొలవకుండానే రాశాను," అన్నాను.

"అయితే రేపటి నుంచి రావద్దు."

మునిరత్నం అన్న చెయ్యి తుడుచుకుని లేచాడు. "సార్, దీపం చూసి బాగుందని రాసినోళ్లు ఈడ ఆరుమంది ఉండారు, నాతో కలిపి. చెప్పింది ఈ పాప ఒకతే. ఈమెను పంపిస్తే రేపటి నుంచి ఈ పుస్తకంలో ఎవురూ నిజం రాయరు."

ఓనరు రిజిస్టరు మూసి వెళ్లిపోయాడు. మర్నాడు నేను వస్తే గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. నీళ్లు మెల్లగా వెచ్చబడ్డాయి. తొట్టిలో సగానికి కాస్త ఎక్కువే బతికాయి. మిగతావాటిని నా చేతులతోనే వలతో తీశాను. ఆ వారంలోనే రిజిస్టరులో 'బాగుంది' అన్న గడి పోయి వోల్టు, ఆంపియరు, వాట్లు అని మూడు గడులు వచ్చాయి.

కొన్నాళ్లకు టీ తాగుతూ అడిగాను, నేను ప్రార్థన చేయడం తప్పా అని. ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మెయిన్ వేసే ముందర నేను దండం పెట్టుకోనా? చేసుకో పాపా. అయితే ఏం తక్కువైందో చూసుకోని అడుగు. అది చూడకుండా అడిగితే ఆయనకు మొక్కినట్టు కాదు, మన పని ఆయన నెత్తిన ఏసినట్టు."

ఇంత సూటిగా నాకు ఏ సత్సంగంలోనూ ఎవరూ చెప్పలేదు. ఇవాళ నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు లెక్క ఎవరైనా నేర్పగలరు. కొలవనిది కొలవలేదని చెప్పడం మాత్రం నేనే దగ్గరుండి నేర్పుతాను. నా పూజలోనూ అంతే, నాలో ఎక్కడ తక్కువైందో ముందు ఒప్పుకుని తర్వాతే చెయ్యి చాస్తాను.

మునిరత్నం అన్నకు ఇప్పుడు చూపు బాగా తగ్గింది. మీటరులో అంకె కనబడటం లేదని ఫోనులో చెప్పాడు. వచ్చే వారం కంటి ఆపరేషను. మందు, డాక్టరు, తోడు పోయే మనిషి, మేము చేయగలిగినవన్నీ చేశాం. ఇక మిగిలింది మా చేతిలో లేదు. చదివిన మీరు ఆయన్ను ఎరగరు. అయినా ఈ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆయన పేరు తలుచుకుని, నాతో పాటు స్వామిని ఒక్క మాట అడగండి.