తాండూరుల అవ్వ అడిగిన మాట

దయ్యాల ముచ్చట మొదలైతే లేచి బయటికి పోయేటోన్ని నేను. బడిల సైన్సు చెప్పే పంతులును. అయినా గీ సంగతి నా కండ్ల ముందర జరిగింది గదా, ఏం చెయ్యాలె.

పోలీస్ యాక్షన్ అయిన కొన్నేండ్లకు. వికారాబాద్‌ల మాది కొత్త కాపురం. రాష్ట్రకూటుల రాజధాని మల్ఖేడ్ కోట చూపిస్తనని మా ఆమె సుశీలను తీస్కొని రైలెక్కిన. రాత్రికి తాండూరుల ఆగి, తెల్లారి పోదామనుకున్నం. తోటి పంతులు ఒకాయన ఎరుకున్నోళ్ల ఇల్లు చెప్పిండు. ముసలి ఆలుమొగలు, కన్నడపోళ్లు. పెద్దాయనకు తెలుగొస్తది, అవ్వకు రాదు.

సుశీలది నల్లగొండ దిక్కు. కన్నడం ఆమె చెవిన పడింది గూడ లేదు.

గా ఇంట్ల అడుగు పెట్టినప్పటి సంది ఆమెకు నిలకడ లేదు. కూసుంటది, లేస్తది, బండలు పరిచిన వాకిట్ల అటు ఇటు తిరుగుతది.

"ఏమైందే?" అంటే, "ఏమో, పానం ఆగుతలేదు" అన్నది.

దీపం పెట్టే యాళ్లకు సీదా వంటింట్లకు పోయింది. ఎనకనే నేను పోయిన.

అవ్వ పొయ్యి ముందర జొన్నరొట్టెలు చేస్తున్నది. సుశీల పక్కన కూసొని కన్నడంల ఏందో అన్నది. గొంతు నా పెండ్లాందే, మాట సమజ్ కాలే. అవ్వ చేతిల రొట్టె జారింది. సుశీల మొగం రెండు చేతులతోటి పట్టుకొని, ఏందో అడిగింది.

"నోవాగలిల్ల, అవ్వా" అన్నది సుశీల. ఆమె ఒళ్లె తల పెట్టింది.

తలుపు కాడికి పెద్దాయన వచ్చిండు. ఏమంటున్నదని అడిగిన.

"మా బిడ్డ మల్ఖేడ్ కోట గోడ మీదికెల్లి పడి సచ్చిపోయింది, సారూ. నొప్పి అయిందా తల్లీ అని అడుగుతున్నది ముసల్ది. నొప్పి కాలేదమ్మా అంటున్నది మీ ఆమె."

గా బిడ్డ సంగతి మాకు ఎవ్వరు చెప్పలే. ఇల్లు చెప్పిన పంతులుకే తెల్వదు, తర్వాత అడిగిన.

కొంచెం సేపటికి సుశీల లేచి, "నేనెప్పుడొచ్చిన ఈడికి?" అని నన్నే అడిగింది. గా కన్నడం మాట మళ్ల అనమన్న. ఆమెకు నోరు తిరగలే.

తెల్లారి కోటకు పోబుద్ధి కాలే. ఇంటికి పోయే రైలుకే నిలబడ్డం. పెద్దాయన స్టేషన్ దాక వచ్చిండు.

"బిడ్డ పోయిన సంది ముసల్ది సక్కగ పండింది లేదు, సారూ. ఇయ్యాల ఇంక నిద్ర లేవలే. పండుకోనియ్యని నేనే లేపలే" అన్నడు.

దయ్యమని నేను అనను. ఏమనాల్నో మాత్రం ఇప్పటికీ తెల్వదు.