రొయ్యల షెడ్డులో రెండు బిళ్ళలు

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, ఒక ఆగస్టు నెలలో, మానవ హక్కుల కమిషన్ నన్ను విచారణాధికారిగా నెల్లూరు తీరానికి వేసింది. నా బల్ల మీదికి వచ్చిన మొదటి ఫైళ్ళలో అల్లూరు వైపు నుంచి వచ్చిన ఫిర్యాదు ఒకటి.

ఫిర్యాదు చేసినామె పేరు మస్తానమ్మ. రొయ్యలు ఒలిచి, గడ్డకట్టించి ఎగుమతి చేసే ఒక ప్లాంటులో ఆరేళ్ళుగా పని చేస్తోంది. అక్కడ ఒక్కో లైనులో నలభై మంది ఆడవాళ్ళు నిలబడి పొట్టు తీస్తారు. లైనుకు రెండే ప్లాస్టిక్ బిళ్ళలు; సూపర్‌వైజరు బల్ల పక్కన మేకుకు వేలాడుతుంటాయి. మరుగుదొడ్డికి వెళ్ళాలంటే బిళ్ళ అడిగి మెడలో వేసుకోవాలి. రెండూ బయటికి పోయి ఉంటే ఓర్చుకోవాలి. ఈ తంటా ఎందుకని చాలామంది నీళ్ళు తాగడమే మానేశారు. మూత్రంలో మంటతో బాధపడుతున్న మస్తానమ్మ ఒకరోజు ఆగలేక బిళ్ళ లేకుండా వెళ్ళింది. మర్నాడు ఆమెను గేటు దగ్గరే ఆపేశారు.

ప్రైవేటు యాజమాన్యం మీద నేరుగా చర్య తీసుకునే అధికారం కమిషన్‌కు లేదు. ప్రభుత్వోద్యోగి నిర్లక్ష్యం ఉంటేనే మా పరిధి. ప్రభుత్వం తరఫున ఫ్యాక్టరీలు చూసే తనిఖీ అధికారికి అర్జీ పెట్టుకున్నా పలకలేదని ఆమె రాసింది కాబట్టి ఫైలు విచారణకు నిలబడింది. ఇలాంటి వాటికి రెండు దారులున్నాయి. నోటీసులు, నివేదికలు, వాయిదాలతో సాగే విచారణ ఒకటి. ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి అంగీకార పత్రం రాయించి, కమిషన్ ఆమోదంతో ఫైలు మూసేయడం రెండోది. ఆ రెండోదాంట్లో నాది అందెవేసిన చెయ్యి అని ఆఫీసులో అనేవారు. విని మురిసిపోయేవాణ్ణి కూడా.

ఉదయం పదింటికి మండల కార్యాలయంలో కూర్చున్నాం: మస్తానమ్మ, ప్లాంటు మేనేజరు, తనిఖీ అధికారి, నేను. మేనేజరు చెడ్డవాడేమీ కాదు. ఎవరు బయటికెళ్ళినా తిరిగి రావడానికి గ్లౌజులు, బూట్లు మార్చి క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచాలని, ఈలోగా ట్రేలో ఐసు కరిగి సరుకు చెడుతుందని ఓపికగా వివరించాడు. ఒంటిగంటకల్లా ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకునేందుకు ఒప్పించాను. ఇక పని అయిపోయిందనుకుని పత్రం రాయడం మొదలుపెట్టాను.

మస్తానమ్మ లేచి, "సార్, ఒకసారి బయటికి పొయ్యొస్తా" అంది.

"సంతకం పెట్టేసి వెళ్ళమ్మా, రెండు నిమిషాలు" అన్నాను తలెత్తకుండానే.

ఆమె అక్కడే నిలబడింది. "ఆ బిళ్ళ ఇప్పుడు మీ చేతిలో ఉండాది సార్" అంది. కోపంగా కూడా అనలేదు.

నాకు నిజంగా సిగ్గేసింది. వెంటనే వెళ్ళి రమ్మన్నాను. తిరిగొచ్చాక, పొద్దున్నే అడగాల్సిన మాట అప్పుడడిగాను: "మీకేం కావాలమ్మా?"

"నన్నొక్కదాన్ని పెట్టుకుంటే ఏం లాభం సార్? బిళ్ళలు అట్నే ఉంటాయి గదా. నాట్లేసేటప్పుడు ఒకామె గట్టుకు పోతే, ఆమె మునుం పక్కనోళ్ళు అందుకుంటారు. ఎవురూ ఎవుర్నీ అడగరు. ట్రేలు గూడా మేం అట్నే అందుకుంటాం. సరుకేం చెడదు."

మునుమంటే నాట్లలో ఒక్కో మనిషి వంతుకొచ్చే బారు. మేనేజరుది సేద్యం చేసిన కుటుంబమే, నేను వివరించనక్కర్లేకపోయింది. అతను యజమానికి ఫోన్ చేసి, ఒక నెల చూస్తామని ఒప్పుకున్నాడు. నేను రాసిన కాగితం చించేసి, బిళ్ళల తొలగింపు మొదటి అంశంగా కొత్తది రాశాను. తనిఖీ అధికారి నెలలోపు వెళ్ళి చూడాలని చేర్చాను. ఫైలు మాత్రం మూయలేదు. ఎందుకు నానుస్తున్నావని పైఅధికారి రెండుసార్లు అడిగారు.

నెల తర్వాత చెప్పకుండా ప్లాంటుకు వెళ్ళాను. మేకు ఖాళీగా ఉంది. లైనులో మస్తానమ్మ పక్క చోటు కూడా ఖాళీగానే ఉంది. ఆమె రెండు ట్రేల్లోనూ చేతులాడిస్తోంది. నన్ను చూసి, "బయటికి పోయింది సార్, వస్తాది" అని మళ్ళీ పనిలో పడింది.

ఆ తర్వాత రాజీకి కూర్చున్న ప్రతిచోటా, మరుగుదొడ్డి ఎటువైపో ముందుగా చెప్పి, వెళ్ళడానికి నన్ను అడగనక్కర్లేదనేవాణ్ణి. ఏం కావాలో ఫిర్యాదుదారుని అడిగాకే కాగితం తీసేవాణ్ణి. ఆ మధ్యాహ్నం మస్తానమ్మ ఇంకో రెండు నిమిషాలు ఓర్చుకుని సంతకం పెట్టేసి ఉంటే, సామరస్యంగా పరిష్కరించిన ఫైళ్ళలో అదీ ఒకటిగా నా పేరు మీద ఉండేది. బిళ్ళలు మేకుకే ఉండేవి.