ఎడమచేతి అతుకు

సిరిసిల్లలో కరెంటు పోతేనే ఒకరి మాట ఒకరికి వినిపిస్తుంది. మా మామ షెడ్డులో పన్నెండు మరమగ్గాలు ఉండేవి. మా దగ్గర వాటిని సాంచాలంటారు. అవి నడుస్తుంటే పక్కవాడి చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. ఆ ఏడాది పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు కోత, శుక్రవారం పగలంతా కోత. రోజూ సాంచాలు ఆగగానే నేతగాళ్లంతా గడప దగ్గర గాలికి చేరేవారు. ఆ ఎండాకాలం వాళ్లకు మూడు హత్యలు తప్ప వేరే ముచ్చట లేదు.

మొదటి శవం జగిత్యాల శివారులో దొరికింది. నేనప్పుడు అక్కడే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుతున్నాను. రెండోది కోరుట్ల దగ్గర. అక్కడ మా అక్క ఉంటుంది, ఆ వారం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. పరీక్షలు రాసి సిరిసిల్లకు వచ్చిన మొదటి శుక్రవారమే మూడోది, కోనరావుపేట తొవ్వలో. మూడు చోట్లా ఉన్నవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి షెడ్డులో నా మాటకు విలువ వచ్చింది. చెప్పొద్దూ, అది నాకు బాగుండేది.

మూడింటికీ కలిసే విషయాలు ఐదు. చనిపోయినవాళ్లు ఒంటరిగా నడిచిపోతున్నవాళ్లు. వేళ పట్టపగలు. ఒంటి మీది వస్తువు ఏదీ పోలేదు. మెడకు గుడ్డ పేలిక బిగించి ఉంది. చెప్పులు మాత్రం పక్కన జతగా పెట్టి ఉన్నాయి.

అన్నలే, అంటే నక్సలైట్లే, చంపారని పోలీసులు అన్నారు. తమకు సంబంధం లేదని, అది పోలీసులు పెంచిన మనుషుల పనేనని గోడల మీద అన్నల కాగితాలు పడ్డాయి. బొంబాయి పక్క భీవండి మగ్గాలకు వలసపోయి మతి చెడి తిరిగొచ్చిన వాడెవడో అని ఒకరు, చేతబడి పగ అని ఇంకొకరు. మా షెడ్డులో అందరికంటే పెద్దాయన అసలు చంపింది ఒక్కడే కాదన్నాడు.

"ముగ్గురు ముగ్గుర్ని సంపిండ్రు. మొదటోన్ని సూసి తక్కినోల్లు నేర్సుకున్నరు, గంతే."

"చెప్పులు గూడ సూసే నేర్సుకున్నరా తాతా?" అని కండెలు చుట్టే ఆమె అడిగింది.

"నువ్వు మీ ఆయన్ను సూసి బీడీ నేర్సుకోలేదా?"

అందరూ నవ్వారు. ఒక్కొక్కరి వాదం విన్నప్పుడు అదే నిజమనిపించేది. ఇంతమంది ఇన్ని నిజాలు ఎలా కట్టగలుగుతున్నారా అని నాకు ఆశ్చర్యం. ట్రాన్స్‌ఫార్మర్ చెడితే ఏమేం చూడాలో ఐటీఐలో మాకు వరుసగా నేర్పారు. ఒక్కొక్క కారణాన్నీ పరీక్షించి కొట్టేస్తూ పోతే చివరికి మిగిలేదే తప్పు. అదే పద్ధతిలో నోటుబుక్కులో పట్టిక గీశాను. ఎడమవైపు అనుమానాలు, పైన మూడు చావులు, గడుల్లో టిక్కులు, కొట్టివేతలు.

పేలిక సాంచ మీద నేసిన గుడ్డ అని అందరూ ఒప్పుకున్నారు. కాబట్టి నేతపని తెలిసినవాడు. కోరుట్ల దారి, జగిత్యాల దారి, కోనరావుపేట దారి మూడూ తిరిగేవాడు. శుక్రవారం పని లేనివాడు. ఆ వరుసంతా చదివి వినిపించాక ఎవరో నెమ్మదిగా అన్నారు, "గట్లయితె మన వైపని కాకనే గదా."

వైపని అంటే, సాంచ వెనక నిలువు పోగులు చుట్టిన బీము అయిపోయి కొత్త బీము ఎక్కించినప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతికే పని. వేలికి బూడిద అద్దుకుని రెండు కొసలు కలిపి మెలిపెడతారు, ముడి వెయ్యరు. ఆ పని చేసే కాకది కోనరావుపేట. సైకిల్ మీద వస్తాడు. బిడ్డను కోరుట్లలో ఇచ్చాడు, జగిత్యాలలో బస్సు మారి పోతాడు. మొదటి రెండు చావుల రోజుల్లో కోరుట్ల పోయావా అని నేనే అంతకుముందు ఊరికే అడిగినట్టు అడిగాను. పోయానన్నాడు. టిక్కు పెట్టాను.

చావులు లేని రోజుల్లో ఆయన ఎన్నిసార్లు కోరుట్ల పోయాడో నేను అడగలేదు. ఆయన బిడ్డ నిండు నెలలతో ఉందని, ఆ రెండు నెలలూ వారానికి రెండుసార్లు పోయాడని తర్వాత తెలిసింది.

ఆ మాట అదే రోజు చాయ్ హోటల్‌కు చేరింది. మూడో నాడు, మంగళవారం పొద్దున, పోలీసులు కాకను జీపులో ఎక్కించుకుపోయారు. ఆ రోజుల్లో జీపెక్కినవాళ్లలో కొందరు మళ్లీ కనిపించలేదు. శుక్రవారం ఎక్కడున్నావంటే మా మామ షెడ్డులో బీములు అతుకుతున్నానని చెప్పాడట. ఎవరు చూశారంటే ఎవరూ లేరు. కోత రోజు సాంచాలు నిలబడి ఉంటాయి కాబట్టి వైపనికి అదే అసలు పనిరోజు. మామ గురువారం సాయంత్రం తాళంచెవి అతనికిచ్చి పెళ్లికని తంగళ్ళపల్లి పోయాడు. శనివారం తెల్లవారి వచ్చేసరికి రెండు కొత్త బీములు సిద్ధంగా ఉన్నాయి. శుక్రవారం అందరికీ సెలవు అని రాసుకున్న నేను ఈ షెడ్డులోనే పెరిగాను.

నేను మామ ముందు పట్టిక పెట్టి తప్పు ఒప్పుకున్నాను. తిడతాడనుకున్నాను. ఆయన కాగితం వైపు కూడా చూడలేదు.

"ఆ రెండు సాంచాల గుడ్డ ఇంక సేటుకు పోలేదు గద. కోసి పట్టుకరా."

గుడ్డ బండల మీద పరిచి, ఇప్పటి కొస నుంచి వెనక్కి చూపుడువేలు పోనిస్తూ పోయాడు. కరెంటు పోయి సాంచ ఆగి మళ్లీ మొదలైన ప్రతిచోటా గుడ్డలో అడ్డంగా ఒక పలుచని గీత పడుతుంది. అది లోపం, గుడ్డ కొనే సేటు దానికి సణుగుతాడు. నేను చిన్నప్పటి నుంచి ఆ గీతలు చూస్తూనే ఉన్నాను. అవి చదవొచ్చని నాకు తెలియదు.

"గిది ఇయ్యాల పొద్దుటిది. గీ రెండు నిన్నటియి. గీ రెండు ఆదివారం. గీ రెండు శనివారం." వేలు ఆగింది. అక్కడి గీత మిగతా వాటికంటే లావుగా ఉంది. "గిది శుక్రవారం. పొద్దంత ఆగింది." ఆ గీతకు ఇవతల, శనివారం సాంచ మొదలయ్యాక నేసిన మూరెడు గుడ్డ తర్వాత, వెడల్పంతా, చీమలబారులాగా అతుకుల వరుస. రెండో గుడ్డలోనూ అదే గీత, అదే మూరెడు, అదే వరుస.

నాలుగు రోజుల కోతలు గంట తప్పకుండా ఆ గుడ్డలో ఉన్నాయి. ఐటీఐలో మేము గ్రాఫు కాగితం మీద వేసినవేవీ అంత శుభ్రంగా రాలేదు.

మామ, నేను, ఇంకో ఎనిమిది మంది నేతగాళ్లం గుడ్డలు భుజాన వేసుకుని స్టేషన్‌కు పోయాం. లోపల కాక గోడవారగా కూర్చుని ఉన్నాడు. ఒక కన్ను వాచింది. ఎస్సై మామ చెప్పింది మొత్తం విని, ఈ అతుకులు వేరేవాడు వేసి ఉండొచ్చు కదా అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

"ఏలు పెట్టి సూడుండ్రి సారు," అన్నాడు మామ. "అటునుంచి ఇటు. ఇగ ఇటునుంచి అటు."

అతుకుల మీద ఒకవైపు వేలు జారితే నున్నగా ఉంది, ఎదురుగా పోతే గరుకుగా తగిలింది. మా ఊళ్లో వైపనివాళ్లందరి అతుకూ దీనికి ఎదురు తిరుగుతుందని మామ చెప్పాడు. కాకది ఎడమచేతి వాటం, మెలిక అటు పడుతుంది. వెంట వచ్చినవాళ్లలో నలుగురు వేరే వైపనివాళ్లు అతికిన తమ తమ సాంచాల గుడ్డ తెచ్చారు. ఎస్సై ఒక్కొక్కటి తడిమి చూశాడు. తర్వాత చాయ్ హోటల్ పొయ్యిలోంచి బూడిద తెప్పించాడు.

కాక చేతికి పోగులు ఇచ్చారు. ఎడమచేతి వేళ్లు బూడిదలో పెట్టి పోగు అందుకున్నాడు. వాచిన కన్ను మూసుకునే, లోపల ఎవరూ లేనట్టు, పది పోగులు అతికాడు. నేను రెప్ప వేయకుండా చూసినా వేళ్లు ఎప్పుడు కదిలాయో పట్టుకోలేకపోయాను. ఎస్సై వాటిని కిటికీ వెలుగులో పెట్టి చూసి, గుడ్డ మీది వరుసతో పోల్చి అడిగాడు.

"రెండు బీములు అతకాలంటే ఎంతసేపు?"

"పొద్దు పొడిచినంక షురువు జేస్తె పొద్దుగూకెదాక," అన్నాడు కాక. "లేసి నీళ్లు తాగుతె లెక్క తప్పుతది సారు."

సాయంత్రానికి కాకను వదిలారు. ఆ హత్యలు చేసిందెవరో ఇప్పటికీ తెలియదు. నాలుగోది జరగలేదు. ఎందుకు జరగలేదన్నదాని మీద కూడా షెడ్డులో ఒక ఏడాది వాదించుకున్నారు. నా నోటుబుక్కు మాత్రం మళ్లీ తెరవలేదు.

ఆ తర్వాత మా వాడలో ఒక కొత్త అలవాటు వచ్చింది. కోత రోజు వైపని మనిషిని ఒంటరిగా వదలకుండా ఎవరో ఒకరు తోడు కూర్చునేవారు. మొదటి శుక్రవారం నేనే కూర్చుంటానన్నాను. క్షమించమని అడగాలని గడప దాటేదాకా మాటలు కూర్చుకున్నాను. కాక నన్ను చూసి బూడిద గిన్నె దగ్గరికి జరపమన్నాడు, అంతే. మధ్యాహ్నం సద్ది విప్పినప్పుడు మాత్రం, ఎవరు చంపి ఉంటారనుకుంటున్నావు కాకా అని అడిగాను.

"నాకేమెరుక కొడుకా," అన్నాడు. "పాపం, గా చెప్పులు జతగ పెట్టినోడు గూడ ఏదో పని నేర్సినోడే అయ్యుంటడు."

అన్ని వాదాల్లో ఎవరూ చంపినవాడి చేతుల గురించి అలా ఆలోచించలేదు. కాక చెయ్యి కడుక్కుని మళ్లీ పనిలో కూర్చున్నాడు. నేను అతను అతికే పోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడు వందల దగ్గర నా లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. వెలుతురు తగ్గేలోపు అలా నాలుగుసార్లు తప్పింది. ఆయన చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు.