ఎక్స్‌రే ఫిల్ముతో కారు

జహీరాబాద్ బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒళ్లో చిన్న రిమోట్ కారు ఉంది. దాని బరువైన ప్లాస్టిక్ పైభాగం ఊడదీసి, అదే కొలతకు ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించబోతున్నాడు.

"జర గట్టిగ పట్టున్రి సార్" అంటూ ఫిల్ము నాకందించాడు.

ఈ వయసులో ఆటబొమ్మేంటని విసుగ్గానే పట్టుకున్నాను. వెలుతురులో పక్కటెముకలు తెల్లగా కనిపించాయి.

"ఇదైతే అల్కగుంటది, బండి మస్తు ఉరుకుతది. మా తమ్ముడు మంచంల పండుకునే నడుపుతడు."

"ఎవరిదీ ఫిల్ము?"

"వానిదే."

"మరి మళ్లీ డాక్టరుకు చూపించొద్దా?"

"ఇగ దవాఖానకు తేవద్దన్నరు సార్" అని కత్తెర తెరిచాడు.

అప్పటిదాకా నా బొటనవేలు ఆ పక్కటెముకల మీదే ఉంది. మెల్లగా అంచుకు జరుపుకున్నాను.